కాఫీ పొగ మీద నేరం

ఒలెగారియో కాఫీ మానేశాడని తెలిసిన రోజున మా లైన్లో సగం మంది ఆయనకి చావు దగ్గరపడిందనుకున్నారు. మిగతా సగం మంది పెళ్లాం కాఫీపొడి దాచేసిందనుకున్నారు. లైనంటే రోడ్డే. అడవిని చీల్చుకుంటూ వేసిన మట్టిరోడ్డుకి మా రోండోనియా రాష్ట్రంలో వేరే పేరు లేదు. ఆ రోడ్డు పక్కన ఒలెగారియో ఇల్లు, దాన్నానుకుని నా ఇల్లు, రెండిళ్ల వెనకా మిగిలిన కాస్త అడవి. అందులో పెద్ద ముక్క ఆయనది, అంచున ఉన్న చిన్న చీలిక నాది.

ఒలెగారియో రంపం మనిషి. మోటారు రంపం పట్టాడంటే చుట్టుపక్కల లైన్లలో ఆయనకి సాటి ఎవడూ లేడు. ఆయన పద్ధతే వేరు. కొండవాలు మీద కిందనుంచి పైకి పోతూ ఒక్కో చెట్టునీ సగం దాకా కోసి వదిలేసేవాడు. అన్నీ నిలబడే ఉండేవి, ఒక్క ఆకు రాలేది కాదు, వాటికి తెగిన సంగతే తెలిసేది కాదు. చిట్టచివర వాలు నెత్తిన ఉన్న మహావృక్షం దగ్గర ఆగి, చూపుడువేలు నోట్లో తడుపుకుని పైకెత్తి, "గాలి బాగుంది" అనేవాడు. ఆ మాట వినగానే అందరం పరుగు. ఆ ఒక్కటి పడితే ముందున్నదాన్ని తోసేది, అది దాని ముందున్నదాన్ని, అలా వాలంతా పేకమేడలా పడుకునేది. ఒకసారి ఆయన శుక్రవారం కొట్టిన వాలు చప్పుడు ఆదివారం పూజలో వినబడి పాదిరిగారు ప్రసంగం ఆపేశారు. నమ్మకపోతే పాదిరిగారినే అడగండి, సమాధి చర్చి వెనకాలే ఉంది.

అడవి కొట్టడం అనే మాట మా నోట రాదు. శుభ్రం చేయడం అంటాం. దక్షిణం నుంచి పిల్లాజెల్లాతో లారీల మీద మేం దిగినప్పుడు భూములు పంచిన ఆఫీసరు నేర్పిన మాట అది. "శుభ్రం చేసినంత మేరా నీది, చేయనిది ఎవడిదీ కాదు" అన్నాడాయన. చీపురుతో వాకిలి ఊడ్చినంత నిర్దోషమైన మాట. దాన్ని పట్టుకుని ఊడ్చుకుంటూ పోయాం.

ఒలెగారియో ముక్కని మాత్రం ఊడవలేదు. కాయకష్టం చేసేవాడి ఇల్లు ఎప్పుడూ చివరికే మిగులుతుంది కదా, అలా మిగిలింది. అది చూసి ఒకనాడు డాక్టరమ్మ జుసారా వచ్చింది. సూది మందు వేసే డాక్టరు కాదు, గాలికి నాడి చూసే డాక్టరు. అడవి నడుమ చెట్ల తలలు దాటేంత ఎత్తున ఇనప టవరు కట్టించి, దాని నెత్తిన గాలిని పసిగట్టే యంత్రాలు బిగించింది. ఒలెగారియోని కాపలా పెట్టింది. రంపం పట్టిన చేతికి అడవి కాపలా ఏమిటని నేను ఎంత ఏడిపించినా ఆయన నవ్వేవాడు. తెల్లారేసరికి టవరు కింద మూడు రాళ్లు పేర్చి, కట్టెలు ఎగదోసి, గుడ్డ తిత్తిలో కాఫీ వడగట్టేవాడు. నేను వాసన పట్టుకుని వెళ్లేవాణ్ణి.

మేమిద్దరం కొంపాద్రీలం. సెయింట్ జాన్ పండగ మంట మీదనుంచి చేతులు పట్టుకుని దూకినవాళ్లు మా దగ్గర చచ్చేదాకా కొంపాద్రీలే, తోడబుట్టినవాళ్ల కంటే ఒకపాలు ఎక్కువ. నేను దూకినప్పుడు పంట్లాం అంటుకుంది. ఆయన ఆర్పాడు. ఆ బాకీ ఉంది.

ఆ ఏడు వానలు వెనకపట్టగానే డాక్టరమ్మ వచ్చి తన కంప్యూటరు తెరిచి మా ఇద్దరికీ ఒక గీత చూపించింది. "పగలు ఈ అడవి బొగ్గుపులుసు వాయువుని మింగుతుంది, పెద్దాయనా. రాత్రి కొంత కక్కుతుంది. ఇన్నేళ్లూ కక్కేదాని కంటే మింగేది ఎక్కువ. ఆ మిగులే చెట్టుకి ఒళ్లు అవుతుంది."

బొగ్గుపులుసు మాట నేను మా పల్లె బడిలో విన్నదే. పంతులు పులుసు అనగానే నాకు ఆకలేసి ఇంటికి పోయాను, అందుకే మిగతా సగం తెలీదు.

"ఇప్పుడేమైందమ్మా?" అన్నాడు ఒలెగారియో.

"ఈ ఏడాది తిరగబడింది. మింగేదాని కంటే కక్కేదే ఎక్కువగా ఉంది. ఎందుకో చూడాలి." ఆమె మొహం వాడిపోయింది. కంప్యూటరు మూసి పట్నం వెళ్లిపోయింది.

ఆ మర్నాడే ఒలెగారియో కాఫీ మానేశాడు.

సంగతి నాకు ఆయన భార్య ఎర్మీనియా చెప్పింది. "చూడు కొంపాద్రీ, ఈయనకి పిచ్చెక్కింది. టవరు కింద నిప్పు పెట్టి పెట్టి అడవి ఊపిరి పాడుచేశాట్ట. చుట్ట మానేశాడు. ఇంట్లో పొయ్యి వెలిగిస్తే తలుపులేస్తున్నాడు. ముసలాయనకి నేను పచ్చి చిక్కుళ్లు పెట్టాలా?"

వెళ్లి చూద్దును కదా, ఆయన టవరు పక్కనుంచి నడుస్తూ బుగ్గలు ఉబ్బించి ఊపిరి బిగబట్టాడు. దాటాక గానీ వదల్లేదు. మొహం దానిమ్మ గింజలా అయింది.

"ఊపిరి కూడానా కొంపాద్రీ?"

"మనం వదిలేదీ ఆ పులుసే అంట. ఆమె చెప్పింది."

"మరి నా కంచరగాడిదో? నిన్న ఇక్కడే మేసింది. దాని రెండు వైపుల గాలీ లెక్కలో పడుంటుంది."

నవ్వుతాడనుకున్నాను. "దాన్ని ఇటు తేకు" అన్నాడు బతిమాలుతున్నట్టు. "ఆమె నన్ను నమ్మి పెట్టుకుంది. రోజూ ఆ యంత్రం కింద కూర్చుని నేనే పొగబెట్టాను. ఆమె ఆ గీత చూసినప్పుడల్లా నా కాఫీనే చూస్తోంది, పాపం ఆమెకి తెలీదు."

"అయితే చెప్పేసెయ్."

"ఎట్టా చెప్పను?"

సెయింట్ జాన్ పండగ వచ్చింది. ప్రతి ఇంటి ముందూ మంట లేచింది, ఒలెగారియో ఇంటి ముందు తప్ప. పేర్చిన కట్టెల పక్కన ఎర్మీనియా మొక్కజొన్న పొత్తులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కాల్చడానికి నిప్పు లేక. నేను మా మంట దగ్గరికి రమ్మంటే ఆయన రాలేదు. ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి మంట చూడని పండగ అదొక్కటే. ఆ రాత్రి మాత్రం నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

నాకు ఇంకో చిక్కుంది. పండగ దాటగానే నా చీలిక శుభ్రం చేస్తానని ఒలెగారియో ఎప్పుడో మాటిచ్చాడు. అల్లుడు అదెల్సో అక్కడ పచ్చిక చల్లి ఆవుల్ని తోలాలని కాచుకుని కూర్చున్నాడు. రంపం మనిషి మాటంటే మా లైన్లో పత్రం రాసుకున్నట్టే. ఒలెగారియో ఏనాడూ మాట తప్పలేదు. ఊపిరి బిగబట్టుకు తిరిగే మనిషి రంపం పడతాడా అని నాకు లోపల గుబులు.

పండగైన వారానికి డాక్టరమ్మ హడావిడిగా వచ్చింది. ఒలెగారియో టోపీ తీసి చేతుల్లో పట్టుకుని, చర్చిలో పాపం చెప్పుకునేవాడిలా ఆమె ముందు నిలబడ్డాడు.

"డాక్టరమ్మా, మీ గీత పైకెక్కింది నా వల్లే."

"ఏం చేశారు పెద్దాయనా?"

"కాఫీ కాశాను."

ఆమె ఆయన వంకా నా వంకా చూసింది. తర్వాత మెట్టు మీద కూలబడి నవ్వింది. "మీ కాఫీ మాకు మొదటివారం నుంచీ తెలుసు. తెల్లారేసరికి గీత మీద చిన్న మొటిమ లేస్తుంది. మా వాళ్లు దానికి 'పెద్దాయన కాఫీ' అని పేరు పెట్టారు. దాన్ని గీకేసే మిగతాది లెక్కేస్తాం. ఆదివారాలు కాస్త ఆలస్యంగా లేస్తుంది."

"ఆదివారం ఈయనే ఆలస్యంగా లేస్తాడు" అన్నాను.

"ఈ మధ్య మొటిమ లేదు. మీకు ఒంట్లో బాగాలేదేమోనని భయపడి వచ్చాను."

ఒలెగారియో టోపీ తలమీద పెట్టుకున్నాడు. వాడిపోయిన మొక్కకి చెంబుడు నీళ్లు పోసినట్టు ఆ మొహం లేచింది. ఎర్మీనియాని కేకేసి కాఫీ పెట్టమంటాడనుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే ఇది మంచి కథే అయ్యేది. కానీ ఆయన అడిగాడు:

"మరి ఎవరి వల్లమ్మా?"

ఆమె టవరు నెత్తి వంక చూసింది. "పైకొస్తారా?" అంది.

ఇన్నేళ్లు కాపలా కాసినా ఒలెగారియో ఆ టవరు ఎక్కలేదు. పైనున్నవాటిని కిందికి దించడమే గానీ తను పైకి పోవడం ఆయనకి అలవాటు లేదు. ఆమె వెనక ఆయన, ఆయన వెనక నేను. సగం ఎక్కేసరికి నా మోకాళ్లు నన్ను వదిలి కిందికి దిగిపోయాయి. మిగతా సగం చేతులతో ఎక్కాను.

చెట్ల తలలు దాటి పైకొచ్చాం. కింద ఒలెగారియో అడవి, చిరిగిన చొక్కాకి వేసిన అతుకంత ఉంది. దాని చుట్టూ ఎటు చూసినా పచ్చిక, ఆవులు, కంచెలు. ఆయన చూపుడువేలెత్తి మెల్లగా తిప్పాడు.

"అది వెనాన్సియోది. ఆ పక్కది విధవరాలు ఎర్సీలియాది. ఆ మలుపులోది చర్చిది, దానికి కూలి తీసుకోలేదు. ఇది ఈయనది" అని నన్ను చూపించాడు. "అన్నీ నేను శుభ్రం చేసినవే."

"మీరొక్కరే కాదు పెద్దాయనా, అన్ని లైన్లలో..."

"ఇక్కణ్ణించి కనబడేంత మేరా నేనొక్కణ్ణే."

అడవి అంచున పెద్దపెద్ద చెట్లు మోడుబారి తెల్లగా నిలబడి ఉన్నాయి. ఆయన వాటినే చూస్తున్నాడు. "వాటిని నేను ముట్టుకోలేదు" అన్నాడు, ఎవరో తగువుకి వచ్చినట్టు.

"ముట్టుకోలేదు" అంది డాక్టరమ్మ. ఆ తర్వాతి మాట చెప్పడానికి ఆమెకి ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. "వాటి పక్కవాటిని కొట్టేశాం కదా. పక్కనుంచి ఎండ కొడుతుంది, వడగాలి దూరుతుంది. నీడలో పెరిగిన చెట్లు తట్టుకోలేవు. ముందు అంచువి ఎండుతాయి, తర్వాత లోపలివి. చెట్టు ఒళ్లంతా ఒకప్పుడు గాలిలోంచి మింగిందే. కాల్చినా, కుళ్లినా తిరిగి గాలిలోకే పోతుంది. కొట్టి కాల్చినవి ఆ రోజే పోయాయి. ఇవి నెమ్మదిగా పోతున్నాయి. గీతలో కనబడుతున్నది ఇవే."

ఒలెగారియో రెండు చేతులా కమ్మీ పట్టుకున్నాడు.

"అంటే నేను కొట్టింది ఇంకా పడుతూనే ఉందన్నమాట" అన్నాడు.

సగం తెగి నిలబడ్డ చెట్టు ఎట్లా ఉంటుందో నేను చూశాను. ఆకు కదలదు. ఆయన అట్లాగే ఉన్నాడు.

"కాఫీ అయితే బాగుండేది" అన్నాడు కాసేపటికి. "కాఫీ అంటే మానేస్తే సరిపోయేది."

కిందికి దిగాక ఎర్మీనియా పొయ్యి వెలిగించింది. ఇద్దరం కాఫీ తాగాం. ఆయన ఊపిరి బిగబట్టడం మానేశాడు. ఇప్పుడు మాట బిగబట్టాడు.

తర్వాతి సోమవారం పొద్దున్నే ఒలెగారియో రంపం భుజాన వేసుకుని నా చీలిక దగ్గరికి వచ్చాడు. గొలుసు పళ్లు కొత్తగా ఆకురాయి పట్టి మెరుస్తున్నాయి. మాట తప్పే మనిషి కాదు కదా. అదెల్సో ఎదురెళ్లాడు.

ఒలెగారియో కిందున్న చెట్లలో ఒక్కదాన్నీ కొయ్యకుండానే వాలు నెత్తికెక్కాడు. అక్కడున్న మహావృక్షం చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలు నోట్లో తడుపుకుని పైకెత్తాడు. ఎంతసేపు ఎత్తి పట్టుకున్నాడంటే, ఆ వేలి మీద పిట్ట గూడు కట్టుకుని గుడ్డు పెట్టి ఉండేది.

"గాలి బాగాలేదు" అన్నాడు. రంపం భుజాన వేసుకుని ఇంటికి పోయాడు.

మర్నాడూ వచ్చాడు. వేలెత్తాడు. "గాలి బాగాలేదు." ఆ మర్నాడూ అంతే. ఆకు కదలని రోజునా అదే మాట, ఉత్తరపు గాలి ముద్దొచ్చేలా వీచిన రోజునా అదే మాట. ఒక్కరోజు రాకుండా ఉంటే మాట తప్పాడనేవాళ్లం. రోజూ వచ్చేవాడు, రంపం మోసుకుని. ఎముకలు తేలిన ఆ భుజం మీద రంపం పట్టీ గాడి పెట్టింది. ఆయన నన్ను చూసేవాడు కాదు, నేనేమైనా అంటే దానికి తల వంచుదామని నిలబడేవాడు. నేను అనలేదు.

వానలు దగ్గరపడ్డాయి. ఇప్పుడు కొట్టకపోతే ఎండదు, ఎండకపోతే మండదు, ఏడాది పోయినట్టే. అదెల్సో నా దగ్గరికి వచ్చి రుసరుసలాడాడు.

"మామా, ఆ ముసలాయనకి వేలు చచ్చిపోయింది. గాలి నిక్షేపంలా ఉంది. పక్క లైన్లోంచి వేరే రంపం మనిషిని తెస్తాను. నువ్వు ఊఁ అను చాలు."

మా వాకిట్లో నిలబడితే ఒలెగారియో ఇంటి వెనక టవరు కింద తెల్లటి పొగ కనబడుతోంది. ఆయన కాఫీ. నిట్టనిలువుగా, సూదికి దారం ఎక్కించినట్టు పైకి పోతోంది. చెట్టు కొట్టడానికి అంతకంటే మంచి గాలి నేను పుట్టాక చూడలేదు. పంట్లాం అంటుకున్న రోజు గుర్తొచ్చింది.

నేను వేలు నోట్లో పెట్టి తడుపుకున్నాను. అల్లుడికి కనబడేలా పైకెత్తాను.

"ఎవడూ అక్కర్లేదు" అన్నాను. "గాలి బాగాలేదు."

నేను చెప్పిన కోతల్లో ఒక్కటీ నమ్మని అల్లుడు, నా మొహం చూసి ఇది నమ్మాడు. అది కోతేనా అని అడిగితే మాత్రం ఇప్పటికీ నాకు తెలీదు.