అంచు మరిగిన నిమిషం

2025 జనవరి 19, ఆదివారం. ఉదయం 8 గంటల 10 నిమిషాలు. స్థలం: జనగామ, మా ఇంటి డాబా. హాజరైనవారు: శోభారాణి, యమున. ఆకాశం: నిర్మలం. గాలి: స్వల్పం. వంటింటి పొయ్యి: ఆర్పి ఉంది.

ఆ చివరి గడి మా ఖగోళ మిత్రమండలిలో మరే సభ్యుడి పరిశీలన పత్రంలోనూ ఉండదు. వాస్తు ప్రకారం మా వంటిల్లు ఆగ్నేయంలో ఉంది. చలికాలపు సూర్యుడూ ఆ వైపు నుంచే పైకి వస్తాడు. డాబా మీద టెలిస్కోపును అతని వైపు తిప్పితే అది సరిగ్గా వంటింటి పొగగొట్టం మీదుగా చూస్తుంది. కింద పొయ్యి వెలుగుతుంటే వేడిగాలి లేచి, తెల్ల అట్ట మీద పడిన సూర్యబింబం అంచు మరిగే నీళ్లలా కదులుతుంది, చిన్న మచ్చలు కలిసిపోతాయి. అందుకే పైకి వెళ్లే ముందు పొయ్యి ఆర్పడం, ఆర్పిన సంగతి రాయడం నా నియమం.

ఆగస్టులో నేను చేరేనాటికి మండలిలో ఏడుగురూ మగవాళ్లే. రాత్రిపూట బడి డాబా మీద చేరి నక్షత్రాలు చూసేవారు. రాత్రి రాలేనని చెబితే, మండలి పెద్ద, రిటైరైన లెక్చరర్ బిక్షపతి గారు తన పాత టెలిస్కోపు ఇచ్చి, "పొద్దుగాల కనవడే చుక్క ఒక్కటే ఉన్నదమ్మా, అది నువ్వు సూస్కో" అని నవ్వారు. కన్ను దగ్గర పెట్టకుండా బింబాన్ని అట్ట మీద పడేయడం, మచ్చలు లెక్కపెట్టడం ఆయనే నేర్పారు. అనుమానం వస్తే అట్టను కాస్త కదపమన్నారు. అట్టతో పాటు జరిగితే అది అట్ట మీది మరక, కదలకపోతే సూర్యుడిది. యమున నా తరువాత చేరింది. బస్టాండు దగ్గర బట్టలు కుడుతుంది, నూలుపోగంత తేడా ఉన్నా పట్టేస్తుంది. ఆదివారాలు వచ్చి విడిగా లెక్కపెడుతుంది, తరువాత ఇద్దరి అంకెలూ పోల్చుకుంటాం. పత్రం నకలు నా నోటుపుస్తకంలో ఉంటుంది, అసలును ఆమె బిక్షపతి గారికి అందిస్తుంది.

"యాభై దగ్గరవడ్డంక సూర్యున్ల మచ్చలు లెక్కవెడ్తవా? ఇంట్ల ఉప్పు డబ్బా యాడున్నదో యాదికుండది గని" అన్నాడు నా భర్త యుగేందర్, నేను చేరిన రోజున. ఎరువుల దుకాణానికి వచ్చే రైతులతో ఎంత మెత్తగా మాట్లాడతాడో అంత మెత్తగానే అన్నాడు. తుంటి ఎముక విరిగి అత్తమ్మ యాకమ్మ వంటింటి పక్క గదిలో మంచాన పడి రెండేళ్లయింది. తెల్లవారకముందే ఆమెకు స్నానం, పక్కబట్టలు, మందులు, ఆ తరువాత వంట, రెండు డబ్బాలు సర్దడం. తొమ్మిది గంటల బస్సుకు రఘునాథపల్లి గ్రంథాలయంలో నా కొలువుకు పరుగు. ఉద్యోగం మానేయమని ఆయన ఎన్నడూ ఆజ్ఞాపించలేదు. నేను మరిచిపోతున్నానని మాత్రం చెప్పడం మొదలుపెట్టాడు. గేటు తీసే ఉందన్నాడు. అత్తమ్మకు ఒకే మాత్ర రెండుసార్లు వేశానన్నాడు. రెండుసార్లు పొయ్యి మీద గిన్నె మాడి నల్లబడి కనిపించింది. ఆయన కోప్పడలేదు. ఆడపడుచులకు ఫోన్ చేసి, "పాపం, దిమాక్ జర ఖరాబైంది" అన్నాడు. వేల పుస్తకాల స్థానాలు చీటీ చూడకుండా చెప్పగల నేను, పొయ్యి మీట తిప్పానో లేదోనని బస్సు దిగి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. చేతులు చేసిన పనిని మనసు నమ్మడం మానేసింది. చివరికి ఆయన దరఖాస్తు టైపు చేయించుకొచ్చాడు: జ్ఞాపకశక్తి లోపం వల్ల స్వచ్ఛంద పదవీ విరమణ. గడువు సోమవారం. సంతకం పెట్టడమే సబబని నిన్నటివరకూ నాకూ అనిపించింది.

ఈ ఉదయం పాల గిన్నె పొయ్యి మీదే ఉంచి, మీట ఆర్పి, ఆర్పానని రెండోసారి చూసుకుని పైకి వెళ్లాను. పదిహేను నిమిషాలు బింబం నిశ్చలంగా ఉంది. ఐదు మచ్చల గుంపులు లెక్కపెట్టాను. యమున పెన్సిలు ఉన్నట్టుండి ఆగింది.

"అక్కా, అంచు ఉడుకుతాంది సూడు. కింద పొయ్యి అంటువెట్టిన్రా?"

"ఆర్పే వచ్చిన."

"మరి గిదేంది?"

గడియారం చూసి, వ్యాఖ్యల గడిలో అలవాటుగా రాశాను: 8.26, అంచు మరుగుతోంది. కింద నుంచి కేక వచ్చేసరికి నలభై దాటింది.

"శోభా! మల్ల మర్శినవా?"

మేం దిగేసరికి వంటింట్లో పొగ కమ్ముకుంది, గిన్నె అడుగు బొగ్గయింది. ఆయన మీట ఆర్పి, యమున వైపు తిరిగాడు. "సూసినవా చెల్లె, నీ కండ్లతోని? రేపు ఎవలన్న అడిగితె జెప్పాలె. మా అవ్వ పక్క అర్రలనే ఉన్నది, ఏమన్నయితె ఎట్ల?" ఆ గొంతులో భయం లేదు. సాక్షి దొరికిన తృప్తి ఉంది.

టెలిస్కోపు మూసి వస్తానని పైకి వెళ్లి నోటుపుస్తకం తిరగేశాను. డిసెంబరు 11, 8.21: అంచు మరిగింది, కారణం తెలియదు. జనవరి 3, 8.24: అంచు మరిగింది, కారణం తెలియదు. రెండూ గిన్నెలు మాడిన రోజులే. రెండు పత్రాల్లోనూ మొదటి పది నిమిషాలు బింబం నిశ్చలం, పొయ్యి ఆర్పి ఉంది. ఇంతకాలం మరక నాలోనే ఉందనుకున్నాను. అట్టను కదిపి చూస్తే మరక దానితో జరగలేదు, అది నాది కాదు.

కిందికి వస్తుంటే అత్తమ్మ కొంగు పట్టుకుని ఆపింది.

"లైటర్ సప్పుడు నాకు ఇనవడ్డది బిడ్డా. నువ్వు పైకి వోయినంక."

"ఇన్నొద్దులు ఎందుకు జెప్పలే అత్తమ్మా?"

ఆమె వసారా వైపు చూసి గొంతు తగ్గించింది. "నా కొడుకు గద. పొగ నా అర్రలకే వస్తది, వానికి దెల్వదా? అంటువెట్టి పొయ్యేటప్పుడు నా అర్ర తలుపు దగ్గరికేస్తుండు, నేను పిలిస్తె ఎవలకు ఇనవడది. నువ్వు వెయ్యనియ్యకు."

తలుపు బార్లా తెరిచి, కదలకుండా ఇనుప కుర్చీ అడ్డం పెట్టాను.

వసారాలో ఆయన దరఖాస్తును బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి నాకందించాడు. "ఇయ్యాలనే పెట్టెయ్. నీ మంచికే జెప్తున్న."

పెన్ను తీసుకున్నాను. దరఖాస్తు మీద నా పరిశీలన పత్రం పెట్టి, 8.26 పక్కన రాశాను: ఆర్పిన పొయ్యిని మళ్లీ వెలిగించారు. అప్పుడు కింద ఉన్నవారు ఇద్దరు: లేవలేని యాకమ్మ, యుగేందర్. సంతకం చేశాను. యమున ఒకసారి చదివి, రెండో పరిశీలకురాలి గడిలో తన పేరు రాసింది.

"గదేం కాగితం?" అన్నాడు ఆయన. ఐదు నెలల్లో ఆ ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి.

"సూర్యునిది. రేపు తొమ్మిది గంటల బస్సుకు కొలువుకు పోతున్న. అత్తమ్మ దగ్గర మనిషిని పెట్టే పోత."

ఆయన నవ్వలేదు. ఆయన చూపు నన్ను వదిలి కాగితం మీద నిలిచింది. యమున దానిని నాలుగు మడతలు పెట్టి, కొలత టేపు ఉండే సంచీ అడుగున దాచి, సంచీ మూతి బిగించింది.