పొగ ఇల్లే కోట

మలయాకి స్వతంత్రం వచ్చిన మెర్డెకా రోజున మా ఎస్టేటు స్కూలు ముందు కొత్త జెండా ఎగరేసింది నేనే. హెడ్ కిరాణిని కదా మరి, దొర తాడు నా చేతికిచ్చాడు. గుమాస్తాని ఇక్కడ కిరాణి అంటారు. జెండా పైకి పోతుంటే వెనక వరసలోంచి కన్నియమ్మ అందరికీ వినబడేలా, "కాంతయ్య మేష్టారుండుంటే ఎంత బాగుణ్ణో" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, నా మీద. ఆరేళ్ళుగా ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఇప్పుడైనా చెప్పకపోతే నేను మనిషినే కాను.

కువాలా సెలంగోర్ దాటి లోపలికి వస్తే సముద్రం కనిపించదు గాని గాలిలో ఉప్పు తగులుతుంది. అక్కడ మా రబ్బరు ఎస్టేటు. కాంతయ్య మాస్టారు అక్కడి పిల్లలకు తెలుగు చెప్పేవాడు. నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించిందీ ఆయనే. జపాను వాళ్ళ ఏలుబడిలో ఆయన్ని పట్నం పంపించి ఆర్నెల్లు వాళ్ళ భాష నేర్పించారు. అక్కడి ముసలి పంతులు భాష కన్నా కథలే ఎక్కువ చెప్పాడని మాస్టారు నాతో అనేవాడు. నాలుగు వందల ఏళ్ళ కిందట జపాను ముక్కచెక్కలుగా ఉండేదట. ఒక్కో సమురాయ్ దొర ఒక్కో కోట కట్టుకుని, పక్క కోట దొర తల ఎప్పుడు నరుకుదామా అని చూస్తుండేవాడట. నొబునాగా అని ఒక కోపిష్ఠి. చెప్పులు మోసే పని నుంచి పైకొచ్చిన హిదెయోషి. ఓపిగ్గా కాచుకుని కూర్చున్న ఇయెయాసు. ఈ ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు పూనుకుని ఆ ముక్కలన్నీ కలిపి ఒక్క దేశం చేశారట.

ఈ కథ పిల్లలకు చెప్పాలని మాస్టారికి ఒకటే తహతహ. కానీ కూలీల ఇళ్ళుండే మా లైన్లలో జపాను పేరెత్తితే చాలు, ఆడవాళ్ళు శోకాలు పెడతారు. యుద్ధంలో జపాను సైన్యం సయాం దేశంలో వేసిన రైలుదారి పనికని మా మగవాళ్ళను డెబ్బైమందిని లారీలెక్కించి తీసుకుపోయారు. తిరిగొచ్చింది పదకొండుమంది. మిగిలినవాళ్ళకు శవమూ లేదు, చనిపోయినట్టు కాగితమూ లేదు. కన్నియమ్మ మొగుడు పళనిసామి అలా పోయినవాడే. రబ్బరు పాలు మోసే కణ్ణనూ అంతే.

అందుకని మాస్టారు పేర్లన్నీ మార్చేశాడు. నొబునాగా పళనిసామి అయ్యాడు, హిదెయోషి కణ్ణన్ అయ్యాడు. రాజ్యాలు ఎస్టేటు డివిజన్లయ్యాయి. రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ ఇల్లే కోట అయింది. కోటలో ఉండేవాడు పెద్ద దొర. కథలో జపాను అన్న మాట ఎక్కడా రాదు. అవి తెల్లవాళ్ళు తిరిగొచ్చాక పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, లైన్ల చుట్టూ ముళ్ళకంచె, సాయంత్రం ఆరు దాటితే గడప దాటకూడదు. ఆరు కొట్టే లోపల స్కూలు అరుగు మీద కథ జరిగేది. పోయినవాళ్ళ పెళ్ళాలు కూడా వచ్చి వెనక కూర్చునేవారు. పళనిసామి వానలో మొదటి యుద్ధం గెలిచిన రోజున, "మావోడు గెలిసినాడే!" అని కన్నియమ్మ కళ్ళొత్తుకుంటూ నవ్విందని చెప్పుకున్నారు. నేను ఆఫీసు పనిలో పడి ఒక్కనాడూ వెళ్ళి వినలేదు.

ఆ కథంతా ఆయన ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడు. పిల్లలకు తెలియాలని మా ఎస్టేటు పటం గీసి, పొగ ఇళ్ళ దగ్గర కత్తులూ బాణం గుర్తులూ వేశాడు. అంత చదువుకున్నవాడికి ఆ మాత్రం తట్టలేదా అని ఆయన్ని ఇప్పటికీ తిట్టుకుంటాను. యాభై ఒకటిలో పక్క ఎస్టేటు లారీని అడవివాళ్ళు తగలబెట్టారు. మర్నాడు పొద్దున్నే సోల్జర్లు మా లైన్లు సోదా చేశారు. పుస్తకం దొరికింది, పటం చూశారు, మాస్టారిని జీపెక్కించారు.

ఆయన భార్య బంగారమ్మ తిన్నగా నా ఆఫీసుకే వచ్చింది. ఎప్పుడూ ఆ మెట్టు ఎక్కని మనిషి.

"గోపాలసామీ, ఆ పొత్తకం సదవగలిగినోడివి ఈ సుట్టుపక్కల నువ్వొక్కడివే. ఓడెక్కించి ఇండియా తోలేస్తారంట లా. ఆయన ఈ లైన్లోనే పుట్టినాడు, పుట్టిన కాయితం మాత్రం లేదు. అక్కడ మాకు ఎవులున్నారు? ఏటి సేసుకుని బతుకుతాం?"

"నేను చూసుకుంటానమ్మా, మీరు బెంగ పెట్టుకోకండి" అన్నాను. ఎంత సులువుగా అనేశానో! నిజంగానే నా చేతిలో పని అనుకున్నాను.

మూడో రోజు నన్ను ఠాణాకు పిలిపించారు. ఏ ఠాణా అన్నది చెప్పను, ఇక్కడే బతకాలి. ఇన్‌స్పెక్టర్ తెల్లదొర. పక్కన దుబాసీ సెల్లప్పన్, అరవం మాట్లాడే మనిషి.

"కిరాణి సార్, మా పాట్టి తెలుగు మనిషి. నాకు సదవడం రాదు, వింటే తెలుస్తాది లా. మీరు తెలుగులోనే సదవండి, దొరకి నేను సెప్తాను."

పాట్టి అంటే వాళ్ళ నాయనమ్మ; మాట చివర లా అనడం ఇక్కడ అందరికీ ఊతపదం. నా ప్రాణానికి ఎక్కడ దాపురించిందో ఆవిడ అనుకున్నాను.

పుస్తకం తెరిచాను. మొదటి పేజీలోనే ఇలా ఉంది: "వాన కురుస్తుండగా పళనిసామి రెండు వేలమందితో రెండో డివిజన్ మీద పడ్డాడు. పెద్ద దొర విందులో ఉన్నాడు. పళనిసామి మనుషులు ఆయన తల నరికి తెచ్చారు." పోయిన నెలే, కనిపించకుండా పోయిన మగవాళ్ళ పేర్లు పంపమని పోలీసులు అడిగితే జాబితా టైపు చేసి పంపినవాణ్ణి నేనే. పళనిసామి, కణ్ణన్ అందులో ఉన్నారు. చనిపోయిన కాగితం లేనివాడు అడవిలో ఉన్నట్టే వీళ్ళ లెక్క.

ఉన్నదున్నట్టు చదివి, ఇది ఫలానా కథ, పేర్లు మార్చి చెప్పారు అని విడమరచి ఉండాల్సింది. అంత ధైర్యం లేకపోయింది. ఎవరికి తెలుస్తుందిలే అనుకుని, పళనిసామి అని ఉన్నచోటల్లా నొబునాగా అని చదివాను. డివిజన్‌ని రాజ్యం అన్నాను, పొగ ఇంటిని కోట అన్నాను. సెల్లప్పన్ ఇంగ్లీషులో చెబుతున్నకొద్దీ దొర ముఖం తేటపడింది. రైతుల దగ్గరున్న కత్తులన్నీ హిదెయోషి లాగేసుకుని, వాటిని బుద్ధుడి గుడికి మేకులు చేయిస్తానని నమ్మించిన చోట పకపకా నవ్వాడు. ఆ ఉపాయం మా గవర్నమెంటుకి రాలేదే అన్నాడు. నాకు టీ కూడా తెప్పించాడు. గెలిచాననుకున్నాను, వెర్రివెధవని.

ఆఖరి అధ్యాయం తిప్పాను. "చివరికి, ఇద్దరూ పోయాక, అన్నాళ్ళూ ఓపిక పట్టిన గోపాలసామి ఎస్టేటంతా తన చేతిలోకి తెచ్చుకున్నాడు." పోయినవాళ్ళ పేర్లు ఇద్దరికి పెట్టి, బతికి బట్టకట్టే మూడోవాడికి నా పేరు పెట్టాడాయన. నాకన్నా ఓపికస్తుడు ఆయనకు కనిపించలేదేమో. నేను ఇయెయాసు అని చదివేశాను.

దొర తలూపి పుస్తకం తీసుకున్నాడు. "బాగుంది. ఇప్పుడు రాసినవాడి చేత కూడా ఒకసారి చదివిద్దాం" అన్నాడు. నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టి, నోరు మెదపొద్దన్నాడు.

మాస్టారిని తీసుకొచ్చారు. మూడు రోజుల గడ్డం, పంచె నలిగి ఉంది. నన్ను చూసి ఆయన ముఖం వికసించింది. నేను కళ్ళు దించుకున్నాను. సైగ చేద్దామంటే పక్కనే కానిస్టేబులు. ఆయన పుస్తకం బల్ల మీద పెట్టి, బడిలో పెట్టినట్టే అక్షరాల కింద వేలు పెట్టి, గొంతు సవరించుకుని చదివాడు.

"వాన కురుస్తుండగా పళనిసామి..."

సెల్లప్పన్ ఉలిక్కిపడి నా వైపు చూశాడు. దొర చెయ్యెత్తి, ఆపొద్దు, చదవనీ అన్నాడు. రెండో డివిజన్ వచ్చింది, పొగ ఇల్లు వచ్చింది, పెద్ద దొర తల వచ్చింది. సెల్లప్పన్ చెబుతున్న ఒక్కొక్క ముక్కకూ దొర ముఖం గట్టిపడింది.

"బాబూ, ఇది పిల్లలకి సెప్పిన కత. జపానోళ్ళ కత" అన్నాడు మాస్టారు, అప్పటికి ఏదో తేడాగా ఉందని తెలిసి. "పళనిసామి, కణ్ణన్ సయాంలో సచ్చిపోనారు. ఆల పెళ్ళాలు వింటారని ఆ పేర్లెట్టినాను."

"జపాను అని ఇందులో ఎక్కడ రాశావో చూపించు" అన్నాడు దొర. ఆయన పేజీలు తిప్పాడు. ఎక్కడుంటుంది? ఎవరికీ ఏడుపు రాకూడదని ఆ మాటే రాయలేదాయె.

"జపాను కథే అయితే, మీ కిరాణి పేర్లు మార్చి ఎందుకు చదివాడు? ఎవరిని దాచడానికి?"

నా అబద్ధం వల్ల ఆయన నిజం పనికిరాకుండా పోయింది. లేచి, తప్పు నాదండీ అన్నాను. కానిస్టేబులు భుజం పట్టి కూర్చోబెట్టాడు. మాస్టారు నా వంక చూశాడు. ఏం జరిగిందో ఆయనకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"ఆఖరి పేజీ. ఈ మూడోవాడెవడు? మీ కిరాణి దాచిన పేరు చదువు" అన్నాడు దొర.

మాస్టారు వేలు ఆ పేరు కింద ఆగింది. నాకు పెళ్ళాం, ఇద్దరు చంటిపిల్లలు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చివరికి, ఇద్దరూ పోయాక, అన్నాళ్ళూ ఓపిక పట్టిన... కాంతయ్య ఎస్టేటంతా తన చేతిలోకి తెచ్చుకున్నాడు."

"కాంతయ్య ఎవరు?"

"నేనే బాబూ. మా గోపాలసామి నన్ను కాయడానికే పేర్లు మార్చినాడు. కుర్రోడు, ఒగ్గేయండి."

ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళం ఆ గదిలో ఇద్దరమే. ఆయన వేలి కింద ఉన్నది నా పేరని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట రాలేదు. భయపడ్డాను. ఇంకేమీ లేదు, భయపడ్డాను.

నన్ను తిట్టి పంపేశారు. ఆయన్ని అయిదు నెలలు ఉంచి, విచారణ లేకుండానే ఓడెక్కించారు. రేవు దగ్గర ఆయన్ని చూడనివ్వలేదు. బంగారమ్మ ఒక్కర్తే మూట చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు ఉన్నదున్నట్టు సెప్పబోతే ఆళ్ళే సెప్పనివ్వనేదంట నాయనా. మీ మేష్టారు నాతో అన్నారు. నీ రునం ఎలా తీరుస్తాం?"

నేను తలూపి ఊరుకున్నాను. ఆవిడ ఓడ మెట్లెక్కి వెళ్ళిపోయింది.