చూడని పరీక్ష

మాసూమాను ఫెయిల్ చేసిన రోజు ఆత్మారాంకు అన్నం సహించింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు సిగ్గేస్తోంది.

అతను రవాణా శాఖలో అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్. బోధన్ రోడ్డు పక్కన ట్రాక్ మీద లైసెన్సు పరీక్షలు పెడతాడు. అతని పైన ఇన్‌స్పెక్టర్, ఆ పైన జిల్లా అధికారి, ఆ పైన హైదరాబాదు. పైనుంచి కిందికి ఫోన్లు వస్తాయి, కిందినుంచి పైకి కాగితాలు పోతాయి. ఫోన్లో విన్నది కాగితం మీద కనబడనీయకపోవడమే మధ్యవాళ్ళ నేర్పు.

ఆ రోజూ ఫోనొచ్చింది. "మనోడే, జర చూడు." ఆ మనోడు కారు వెనక్కి తెస్తూ ట్రాక్ మీది గుర్తు స్తంభాన్నే పడగొట్టాడు. ఆత్మారాం పాస్ అన్నాడు. ట్రాక్ కంచె అవతల వంతు కోసం వరసలో ఉన్నవాళ్ళలో ఎవరో నవ్వారు. అతని మెడ వెనక వేడెక్కింది. తాను అలాంటివాడు కాడని వాళ్ళకు అక్కడికక్కడే తెలియాలనిపించింది.

తర్వాతి వంతు మాసూమాది. ఒక ప్రైవేటు బడివాళ్ళు ఆడపిల్లల వ్యాను నడపడానికి ఆమెను మాట్లాడుకున్నారు. లైసెన్సు ఒక్కటే తక్కువ. ఆమె కారును గీతల మధ్య వెనక్కి తెచ్చి ఆపింది.

"వెనక చక్రం గీత తాకింది. ఫెయిల్," అన్నాడు ఆత్మారాం, కంచె అవతలికి వినపడేలా.

చక్రం వైపు అతను చూడనే లేదు.

మర్నాడు చాయ్ తాగుతూ హోంగార్డు సాయిరాం అన్నాడు: "సార్, గా ఆడామె చక్రం గీతకు జానెడు దూరముండె. నేను పక్కనే నిలబడ్డ."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

"మీరు అడిగిండ్రా సార్?"

మళ్ళీ పరీక్షకు రావాలంటే వారం ఆగాలి. ఆ వారమంతా ఆత్మారాం తనను తాను తరచి చూసుకున్నాడు. ఆమె మీద అతనికి కోపం లేదు, అసలు ఆమె ముఖమే సరిగా గుర్తులేదు. మురికి చెయ్యి తుడుచుకోవడానికి దగ్గరున్న గుడ్డ అందుకున్నట్టు ఆమెను అందుకున్నాడు. అది తెలిశాక ఒక్కటే నిశ్చయించుకున్నాడు, ఈసారి ఎట్లా నడిపినా పాసే.

ఆమె వచ్చింది. బడివాళ్ళు ఈ ఒక్క వారమే ఆగుతామన్నారని సాయిరాంతో చెబుతుంటే ఆత్మారాం చెవిన పడింది. కారు వెనక్కి రావడం మొదలైంది. రోడ్డు మీద చెరకు ట్రాక్టరు మోతలో ఇంజను చప్పుడు కలిసిపోయింది. కారు ఆగగానే, చేతిలోని ట్యాబ్ మీంచి తలెత్తకుండా, "పాస్" అన్నాడు.

ఆమె దిగింది. "చూసిండ్రా సార్?"

"చూసిన."

"లే సార్. పోయినసారి గూడ చూడలే. గప్పుడు ఫెయిలన్నరు, గిప్పుడు పాసంటున్నరు. నా బండిల పిల్లలు కూసుంటరు. నాకు వస్తదో రాదో నాకు తెల్వద్దా?"

ఆమె మళ్ళీ కారెక్కింది. ఆత్మారాం కుర్చీలోంచి లేచి వెనక చక్రం దగ్గర నిలబడ్డాడు. చక్రం మెల్లగా వెనక్కి దొర్లింది. సరిగానే వస్తోంది. చివరి మలుపులో ఆమె భయపడిందేమో, స్టీరింగు కొంచెం ఎక్కువ తిప్పింది. టైరు తెల్ల గీత మీద నిలిచింది.

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంది. "తాకింది గద?"

తాకలేదనడానికి అతని నోరు తెరుచుకుంది. ఆమె అతని ముఖంలోకే చూస్తోంది.

"తాకింది," అన్నాడు.

ఆమె తల ఊపింది. కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి. "ఇగ బడి నౌకరి పాయె."

"పోయినసారి తాకలేదమ్మా. నేను చూడకుండనే ఫెయిల్ చేసిన. ఆ బడి ఆయనకు ఫోన్ కలుపు."

"ఏం జెప్తరు?"

"ఇదే."

ఆమె కలిపి, స్పీకరు పెట్టి ఇచ్చింది. ఆత్మారాం పేరూ హోదా చెప్పుకున్నాడు. వరసలోని వాళ్ళంతా వింటుండగా, తప్పు తనదేనన్నాడు.

అవతలాయన అన్నాడు: "ఇంకో వారం ఆగుతం సార్. మరి మీరు ఫెయిల్ చేసినోళ్ళు ఇంక ఎంతమంది ఉన్నరు గిట్ల?"

ఆత్మారాం లెక్క వేయబోయాడు. ఎవరి ముఖాలూ గుర్తు రాలేదు.

మాసూమా అతని చేతిలోంచి ఫోను తీసుకుంది.