స్వరూప రెండో తుంటి

నేను ఒక వాకర్‌ని. అల్యూమినియం గొట్టాలు వంచి, నాలుగు కాళ్లు బిగించి ఒక చిన్న కార్ఖానాలో నన్ను తయారుచేశారు. తర్వాత హనుమకొండలో ఒక మెడికల్ షాపు ముందు చాలాకాలం వేలాడాను. అవసరమైన వస్తువునే అయినా, నన్ను చూసి సంతోషించిన మనిషి నాకింతవరకు తారసపడలేదు.

మొదట నన్ను కొన్నది ఒక డ్రాయింగు మాస్టారు. జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కోగానే నన్ను సజ్జ మీదికి ఎక్కించి మరిచిపోయారు. నాకేమీ బాధ కలగలేదు. మమ్మల్ని మరిచిపోయారంటే మనిషి బాగుపడ్డాడనే అర్థం.

ఆ సజ్జ మీంచి నన్ను అడిగి తీసుకెళ్లినవాడు సారయ్య. మాస్టారి వీధిలోనే అతని ఇస్త్రీ బండి. భార్య స్వరూప ఆర్టీసీలో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ఈ చివరి నుంచి ఆ చివరికి జనాన్ని తోసుకుంటూ తిరిగిన మనిషి. రక్తం అందక ఆమె రెండు తుంటి ఎముకలూ పాడయ్యాయి. రెండూ మార్చాలన్నారు డాక్టర్లు. ముందు కుడిది, అది కుదురుకున్నాక ఎడమది.

కుడి తుంటి ఆపరేషన్ అయిన మర్నాడు ఆమె చేతులు మొదటిసారి నా మీద పడ్డాయి. చెమటతో తడిసి ఉన్నాయి.

"అడుగెయ్యి, నేనున్న గద," అన్నాడు సారయ్య.

"నువ్వుంటే ఏం జేస్తవ్? కాలు నాది," అంది. అయినా వేసింది.

కింద కూర్చోకూడదు, పక్కకు తిరిగి పడుకోకూడదు. కాళ్ల మధ్య దిండు పెట్టుకుని ఇంటి కప్పు చూస్తూ ఉండేది. కాస్త నడక వచ్చాక నన్ను పట్టుకుని వాకిట్లో నిలబడేది. తోటి కండక్టర్లు వచ్చి, "నువ్వు లేక బస్సు బోసిపోయిందక్కా," అనేవాళ్లు. బస్సు మాత్రం రోజూ నిండుగానే వెళ్లేది. ఆ మాట ఎవరూ అనలేదు.

కొత్త తుంటి బాగానే కుదిరింది. ఎడమది మాత్రం నానాటికీ దిగజారింది. ఆమె బరువంతా నా మీదికి వచ్చింది.

రెండో ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షల్లో గుండె బలహీనంగా ఉందని తేలింది. మందులు వాడి చూద్దామన్నారు. వాడారు. మళ్లీ పరీక్ష చేయించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు ఆమె ముఖం వైపు చూడకుండానే మాట్లాడాడు.

"మళ్లీ మత్తిస్తే ప్రాణానికే ప్రమాదమమ్మా. ఇక ఆపరేషన్ మాట వద్దు."

"మరి ఈ కాలు సారూ?"

"నొప్పి మాత్రలతో నెట్టుకురావాలి."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నన్ను మడిచి ఇద్దరి మధ్యా పెట్టారు. ఆమె అంది: "గా ఒక్కటన్న ఎందుకు మార్చిన్రు? రెండూ గట్లనే ఉంటె ఆశపడకపోదును."

సారయ్య రోడ్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఇంటికి రాగానే, ఇక డ్యూటీకి రాలేనని ఆమే డిపోకు ఫోన్ చేసి చెప్పింది. అవతలివాళ్లు ఓదారుస్తుంటే మధ్యలోనే పెట్టేసింది.

ఈమధ్య నా కాళ్ల కింది రబ్బరు తొడుగులు అరిగి, గచ్చు మీద జారుతున్నాను. నిన్న సారయ్య వంగి చూసి, "ఇప్పటికి నడిపిద్దాం తియ్. ఎట్లయిన కొన్ని దినాలే గద," అన్నాడు, ఆపరేషన్ కోసం ఎదురుచూసిన రోజుల అలవాటుకొద్దీ.

"కొత్తయి తే," అంది స్వరూప. "గట్టియి చూసి తే."

అతను చెప్పులు వేసుకుని బజారుకు వెళ్లాడు. ఆమె నన్ను దగ్గరికి లాక్కుంది. లేస్తుందనుకున్నాను. లేవలేదు, నా పిడి పట్టుకుని అలాగే కూర్చుంది.