సెషన్ ముగిసింది

మామగారి చెవిమిషన్‌లో బ్యాటరీ మార్చడం పెద్ద పనేం కాదు. పాతది తీసి, కొత్తదానికున్న స్టిక్కర్ పీకి, మూత నొక్కితే చాలు. కానీ ఆయన ప్రతిసారీ ఎవరిచేతైనా మాట్లాడించి చూసుకుంటే గానీ నమ్మరు. "ఏదన్నా అనమ్మాయ్," అన్నారు. "వినబడుతోందా మామయ్యా?" అంది కోడలు. "వినబడుతోంది, ఇంకాస్త అను," అన్నారు. ఇంకేం అనాలో ఆమెకి తోచలేదు. ఈలోగా కూతురు చిక్కుపడ్డ జుట్టుతో వచ్చి దువ్వెన చేతిలో పెట్టింది. జడ పూర్తయ్యేసరికి పాలు పొంగాయి. పొయ్యి తుడిచి, చెయ్యి కడుక్కుని, టేబుల్ మీద తెరిచి వదిలేసిన లాప్‌టాప్ దగ్గరికొచ్చింది. తెర మధ్యలో ఒకే ఒక్క ముక్క: "మీ సెషన్ ముగిసింది. దయచేసి మళ్ళీ లాగిన్ అవ్వండి."

లాగిన్ అయింది. అప్లికేషన్‌లో పేరుంది, చదువుంది, ఉద్యోగంలో చేరిన తేదీ ఉంది. "ఈ బాధ్యతను మీరెందుకు కోరుకుంటున్నారు? మీ మాటల్లో రాయండి" అన్న ప్రశ్న కూడా ఉంది. దాని కింద తను రాసిందంతా పోయి, తెల్లగా ఖాళీ. వెనక్కి నొక్కింది, ముందుకు నొక్కింది. చెరిపేసిన ఫైళ్ళుండే చోట కూడా వెతికింది. అక్కడ ఉండదని తెలుసు. పోయిన చెవిపోగు కోసం పంచదార డబ్బాలో చెయ్యి పెట్టి చూసినట్టు చూసిందంతే.

ఆమెది పిల్లల ఆస్పత్రిలో ఉద్యోగం. మాటలు ఆలస్యమైన పిల్లలకి, నత్తి ఉన్న పిల్లలకి మాట నేర్పుతుంది. పిల్లలంతా మాటలత్త అని పిలుస్తారు. వాళ్ళ విభాగానికి పెద్దగా ఉన్న మేడమ్ రిటైరవుతున్నారు. లోపలివాళ్ళెవరైనా ఆ పోస్టుకి అప్లికేషన్ పెట్టుకోవచ్చన్నారు. గడువు ఇవాళ సాయంత్రంతో సరి. పెట్టాలని ఆమె అనుకోనేలేదు. సెలవురోజు, అందరూ తిని నడుం వాల్చారు, నాలుగు ముక్కలు రాసి పడేద్దామని కూర్చుంది. కూర్చున్నాక అదేమిటో ఆగలేదు. మొన్నీమధ్య నెలల తరబడి నోరు విప్పని ఓ పాప మొట్టమొదటిసారి అన్న మాట "వద్దు". వాళ్ళమ్మ అది విని ఏడ్చేసింది. అది రాసింది. దాన్నుంచి ఇంకేదో వచ్చింది, అందులోంచి ఇంకేదో. చెంపలు వేడెక్కడం గుర్తుంది. ఒక వాక్యం రాశాక భయమేసి, వెనక ఎవరైనా ఉన్నారేమో అని తిరిగి చూడటం గుర్తుంది. ఆ వాక్యం ఏమిటో మాత్రం గుర్తు రావడం లేదు. పాప గురించా? తన గురించా? సరిగ్గా అప్పుడే మామగారు పిలిచారు.

"సేవ్ చేసుకోవద్దూ?" అన్నాడు భర్త ఆవులిస్తూ వచ్చి, విషయం విని. అతను సేల్స్‌లో పెద్ద ఉద్యోగి. "అయినా దీనికింత మొహం వేలాడేసుకోవడం దేనికి? మళ్ళీ రాసెయ్. నీ గురించే కదా, నీకు తెలీనిదేముంటుంది అందులో?"

ఆ మాట దగ్గరే ఆమె బుర్ర తిరిగింది. నిజమే, తన గురించి తనకి తెలీనిదేముంటుంది? మరి గంటక్రితం రాసింది ఇప్పుడు ఎందుకు తెలీడం లేదు? ఇంట్లో ఎవరి చొక్కా ఎక్కడుందో, ఎవరికి ఏ మాత్ర పడదో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. చుట్టాలొచ్చినప్పుడల్లా భర్త ఒక జోకేస్తాడు: "మా ఆవిడ లోకంలో పిల్లలందరికీ మాటలు నేర్పుతుంది, ఇంట్లో మాత్రం మూగనోము." అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది, కాస్త ముందుగానే మొదలుపెడుతుంది కూడా. ఆ నవ్వు గురించే రాసిందా? ఆస్పత్రి అప్లికేషన్‌లో అది ఎందుకు రాస్తుంది? రాసిందేమో. అదైతే పోవడమే మంచిదయింది. మంచిదే అయితే ఇంత దిగులెందుకు?

"లే, నేను కొట్టేస్తా," అని భర్త ఆమె కుర్చీలో కూర్చున్నాడు. చకచకా టైపు చేసి గట్టిగా చదివాడు. "ఏళ్ళ తరబడి అనుభవం. అంకితభావం. బృందాన్ని ముందుకు నడిపించే సామర్థ్యం. ఎలా ఉంది?"

"బావుంది," అంది. అబద్ధం కాదు, బాగానే ఉంది. "కానీ ఇందులో నేను లేను కదా."

"అప్లికేషన్‌లో నువ్వెందుకు? అర్హతలుంటే చాలు." తన జోకుకి తనే నవ్వుకుని లేచాడు. లోపల్నుంచి మామగారు కేకేశారు, "టీ పెడుతున్నావా అమ్మాయ్? నాకిప్పుడు అన్నీ బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి."

టీ పెట్టింది. అందరికీ ఇచ్చింది. తన కప్పు గట్టు మీదే వదిలేసి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని పడగ్గదిలోకి పోయి తలుపేసుకుంది. భర్త రాసినదాన్ని ముందు చెరిపేసింది. తర్వాత "పాప" అని రాసి, అదీ చెరిపేసింది. పోయింది గనకే అంత గొప్పగా అనిపిస్తోందేమో, చూస్తే మామూలు ముక్కలేనేమో. అసలు ఈ పోస్టు తనకి కావాలా? మీటింగులుంటాయి, ఆలస్యమవుతుంది. సంగతి ఎత్తినప్పుడు భర్త అడిగింది "ఇంటికొచ్చేసరికి ఎంతవుతుంది?" అని. కూతురు అడిగింది "నన్ను డాన్స్ క్లాసుకి ఎవరు దింపుతారు?" అని. కావాలా వద్దా అని ఎవరూ అడగలేదు. ఎవరో ఎందుకు, తనే తనని అడగలేదు. అప్లికేషన్‌లోని ప్రశ్న ఒక్కటే అడిగింది, అదీ మధ్యాహ్నం. దానికి తను జవాబు చెప్పింది కూడా. ఏమని చెప్పిందో!

బయట కూతురు తలుపు తడుతోంది. కిటికీలో ఎండ పసుపు రంగుకి తిరిగింది. ఆమె వేళ్ళు కదిలాయి. "ఈ బాధ్యత నాకు కావాలి. ఎందుకో ఈ మధ్యాహ్నం వివరంగా రాశాను. సేవ్ చెయ్యకముందే పోయింది. పిలిస్తే వచ్చి నోటితో చెబుతాను." రెండోసారి చదివితే నొక్కలేనని తెలిసి, చదవకుండా నొక్కేసింది. నొక్కిన వెంటనే వెనక్కి తీసుకునే దారి కోసం తెరంతా వెతికింది. లేదు.

"పంపావా?" అన్నాడు భర్త రాత్రి భోజనాల దగ్గర. "నేను రాసిందేనా?"

"కాదు. చిన్నది రాశాను."

"చెడగొట్టుకున్నావన్నమాట," అన్నాడు జాలిగా. ఆమెకీ అలాగే అనిపించింది.

అయితే పిలుపొచ్చింది. ఆస్పత్రి పైఅంతస్తులో గది. బల్లకి అటువైపు ముగ్గురు: మధ్యలో పెద్ద డాక్టరు, పక్కన ఆఫీసు మేనేజరు, ఈ చివర బయటినుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ. డాక్టరు చేతిలోని కాగితం చూసి నవ్వారు. "ఇంత పొట్టి అప్లికేషన్ నా సర్వీసులో చూడలేదమ్మా. చూద్దామనే పిలిపించాం. ఇంతకీ ఆరోజు ఏం రాశారు?"

వారమంతా బస్సులో, బాత్రూములో, బట్టలారేస్తూ ఆమె గుర్తుచేసుకుంటూనే ఉంది. "నాకు గుర్తు లేదు సార్," అంది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "అంటే... అది..." అంది ఆమె. ప్రొఫెసరమ్మ ముందుకి వంగి, ఆస్పత్రిలో పిల్లలు మాట కోసం తడుముకుంటుంటే అందించబోయే తల్లులు వంగినట్టే వంగి, దయగా అంది, "అనుభవం గురించా అమ్మా? సేవాభావం గురించా?"

"కాదండీ."

ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకి. తన గదిలో తల్లులందరికీ చెప్పే మాటే నోట్లోకి వచ్చింది, కాకపోతే ఎప్పుడూ అది వేరేవాళ్ళ కోసం చెప్పేది.

"ఇప్పుడు ఏమనుకుంటున్నానో అదే చెబుతాను. ఎక్కడికి పోతుందో నాకూ తెలీదు," అంది. "మధ్యలో మాట అందించకండి."