రోగి కోరిక మేరకు

ఎనిమిదికి రెండు నిమిషాలు ఉండగానే ఆమె ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించేసుకుంటుంది. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి కదా మరి! ఒక చేత్తో పాలగిన్నె దించాలి, ఇంకో చేత్తో డబ్బాలకు మూతలు పెట్టాలి, మధ్యలో "నా సాక్సులెక్కడ?" అని గదిలోంచి కేక వస్తే ఉతికిన బట్టల బుట్టను కాలితో అటువైపు తోయాలి. పెద్దాసుపత్రి లైను సరిగ్గా ఎనిమిదికి తెరుస్తారు. ఎనిమిదీ ఇరవైకల్లా ఆ రోజు ఇచ్చే అపాయింట్‌మెంట్లన్నీ అయిపోతాయి. ఎనిమిదీ ఇరవై అయిదుకి ఆమె ఎక్కాల్సిన బస్సు. ఈ ఇరవై నిమిషాల్లో అదృష్టం బావుంటే ఒక మనిషి గొంతు వినపడుతుంది, బావోలేకపోతే సంగీతం. అదేం సంగీతమో గానీ నాలుగు ముక్కలు వాయించి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఆగి, మళ్ళీ మొదటికొస్తుంది. దాన్ని వినీ వినీ ఆమెకు కంఠతా వచ్చేసింది. కుట్టు ఫ్యాక్టరీలో బల్ల దగ్గర నుంచుని పని చేస్తూ కూడా ఒక్కోసారి తనకు తెలియకుండానే దాన్ని కూనిరాగం తీస్తూ ఉంటుంది.

ఇంట్లో ఆమెకు అపాయింట్‌మెంటమ్మ అని పేరు. పెట్టింది ఆయనే. బస్సు డిపోలో గుమస్తాగా పనిచేస్తాడు ఆయన. నలుగురిలో కూర్చున్నప్పుడు, "ఆస్పత్రి పనులన్నీ మా ఆవిడ డిపార్ట్‌మెంటండీ. నాకా లైను నంబరు కూడా తెలీదు" అని నవ్వుతూ చెప్పుకుంటాడు. తెలియకపోవడం కూడా ఒక హోదా కాబోలు. నిజం చెప్పొద్దూ, మొదట్లో ఆ మాటకు ఆమె కూడా పొంగిపోయేది. ఇంట్లో అందరి పుట్టినతేదీలు, కార్డు నంబర్లు, ఎవరికి ఏ మందు పడదో, ఏ డాక్టరు ఏ వారం ఉండడో చూడకుండా చెప్పగలదు. అందరి కార్డుల మీదా ఆమె ఫోన్ నంబరే. అత్తగారి కళ్ళు, ఆయన రక్తపోటు, ఈమధ్య ఆయన భుజం. ఆర్నెల్ల కిందట పరుపు తిరగేస్తుంటే పట్టేసింది. పెళ్ళయిన పాతికేళ్ళలో పరుపు తిరగేసింది ఆ ఒక్కసారే, ఆ ఒక్కసారికే భుజం పోయింది మహానుభావుడికి! స్కానింగ్ తీయించమన్నారు. దానికోసం ఆమె వరసగా పదకొండు రోజులు పొద్దున్నే ఆ సంగీతం వింది. పన్నెండో రోజున మనిషి గొంతు పలికింది. వచ్చే గురువారం, ఉదయం తొమ్మిదిన్నర. ఆ సాయంత్రం ఆయన, "పదకొండు రోజులు పట్టిందా? నువ్వింకా గట్టిగా అడగాల్సింది" అన్నాడు. ఎవర్ని గట్టిగా అడగాలో చెప్పలేదు.

ఇక ఆమెది. నాలుగు నెలల కిందట స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చేతికి ఏదో తగిలింది. ఆమె ఫ్యాక్టరీలో చెకర్. కుట్టిన చొక్కాలు బల్ల మీదికి వస్తే ప్రతి కుట్టూ వేళ్ళతో తడిమి, లోపం ఉన్నచోట ఎర్రచుక్క అంటించడం పని. వేళ్ళు అబద్ధం చెప్పవని ఆమెకు తెలుసు. అప్పటికది చొక్కా కాలరు గుండీ అంత ఉంది. డిస్పెన్సరీ డాక్టరమ్మ చూసి, చీటీ రాసి, "త్వరగా" అన్న మాట కింద రెండు గీతలు గీసింది. పెద్దాసుపత్రిలో స్కానింగ్‌కి తేదీ దొరికింది. దొరకడం మూడుసార్లు దొరికింది పాపం.

మొదటిసారి, అదే రోజున అత్తగారి కళ్ళ పరీక్షకి పిలుపొచ్చింది. "కళ్ళు కదా, ఆగమంటే ఎలా? నీదేముంది, ఏదో పరీక్షే కదా" అన్నాడు ఆయన, పేపర్ మడతపెడుతూ. నిజమే అనిపించింది. ఆసుపత్రి లైనుకి ఫోన్ చేసి రెండు అంకె నొక్కితే రద్దు. నొక్కింది. రెండోసారి ఆడపడుచు పిల్లల్తో దిగబడింది. "ఇంటికి మనుషులొస్తే నువ్వు ఆస్పత్రి పట్టుకు తిరుగుతుంటే ఏం బావుంటుంది చెప్పు? వాళ్ళేమనుకుంటారు?" వాళ్ళేమీ అనుకోలేదు. రోజంతా పడుకుని లేచి, మంచాలు బావున్నాయన్నారు. మూడోసారి ఫ్యాక్టరీలో సరుకు వెళ్ళే వారం. సూపర్‌వైజరు తల ఎత్తకుండానే, "ఈ వారం సెలవడిగితే వచ్చే వారం అసలు రానక్కర్లేదు" అన్నాడు. మూడుసార్లూ ఫోన్‌లో రెండు నొక్కింది ఆమె చేతి వేలే. ఏ పరీక్ష అని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేదే. అడగకుండా చెప్పడానికి నోరు రాలేదు. గడ్డ అన్న మాట పైకి అంటే అది నిజమైపోతుందేమోనని భయం. ఈలోగా కాలరు గుండీ కాస్తా కోటు గుండీ అంతయింది.

సోమవారం మధ్యాహ్నం అన్నాల వేళ లాకరు తెరిచి ఫోన్ చూసుకుంటే మెసేజ్ వచ్చి ఉంది. వరుసగా మూడుసార్లు రద్దయినందున మీ పేరు జాబితా నుండి తొలగించబడినది. డబ్బా మూసేసి తిన్నగా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి పూట సెలవు కావాలంది.

"మళ్ళీ ఆస్పత్రా? మీ ఇంట్లో ఎప్పుడూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి. ఈసారి ఎవరికి?"

"నాకు."

అతను అప్పుడు తలెత్తాడు. ఆ ఫ్యాక్టరీలో ఏడేళ్ళుగా పనిచేస్తోంది, అతని కళ్ళ రంగు ఆమె చూడటం అదే మొదలు. సెలవు చీటీ మీద సంతకం గీకి ఇచ్చేశాడు.

పెద్దాసుపత్రిలో అపాయింట్‌మెంట్ల కౌంటర్ ముందు ఒకదానికొకటి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు వరసలు. ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. చుట్టూ చూస్తే అందరూ ఆడవాళ్ళే. ఒళ్ళో ఒక ఫైలు, చేతిలో ఇంకొకరి కార్డు. పక్కనున్నావిడ వాళ్ళ మామగారి మూత్రపిండాల గురించి ఎంత వివరంగా చెప్పిందంటే, ఆయన ఎదురుగా వస్తే గుర్తుపట్టేయొచ్చు. "మరి మీకేంటి?" అని ఈమె అడిగితే ఆవిడ తెల్లబోయింది. "నాకా? నాకేముంది" అంది.

గంటన్నర తర్వాత ఆమె వంతు వచ్చింది. అద్దం వెనక కళ్ళజోడుకి దారం కట్టి మెళ్ళో వేసుకున్న ఉద్యోగిని. మొహంలో విసుగు లేదు, ఆదరణా లేదు. కార్డు నంబరు కొట్టి, తెర చూసి, "మూడుసార్లూ మీరే వద్దనుకున్నారుగా" అంది.

"నేను వద్దనుకోలేదండీ."

"ఇదిగో చూడండి." తెరను ఆమె వైపు తిప్పింది. మూడు తేదీలు, మూడింటి పక్కనా ఒకటే మాట. రద్దు: రోగి కోరిక మేరకు. రద్దు: రోగి కోరిక మేరకు. రద్దు: రోగి కోరిక మేరకు.

"కోరికేమిటండీ? ఒకసారి మా అత్తగారి కళ్ళు, ఒకసారి..."

"అమ్మా, ఇందులో మూడే కారణాలుంటాయి. డాక్టరు లేరు, మిషను పాడైంది, రోగి కోరిక. మీరు ఫోన్‌లో రెండు నొక్కితే అది కోరిక కిందే పడుతుంది. నా చేతుల్లో ఏం లేదు. జాబితాలో మళ్ళీ ఎక్కాలంటే డిస్పెన్సరీ నుంచి కొత్త చీటీ తెచ్చుకోండి. తీసేసిన పేరు అడుగుకి పోతుంది, నాలుగు నెలల్లో పిలుస్తారు."

ఆమె ఆ మూడు వరుసల వంక చూస్తూ నుంచుండిపోయింది. కోరిక! పాతికేళ్ళలో ఆమె పేరు పక్కన ఆ మాట ఎవరైనా రాశారంటే అది ఇక్కడే. కూర ఏం చేయాలో వాళ్ళ కోరిక, ఏ వేళకి పడుకోవాలో ఇంకొకళ్ళ కోరిక, ఎక్కడ ఉద్యోగం చేయాలో ఆయన కోరిక, మానేయకూడదన్నదీ ఆయన కోరికే. తీరా ఒంట్లో గడ్డ పెట్టుకుని పరీక్ష మానుకున్నది మాత్రం ఆమె కోరికట. ఒళ్ళు మండిపోయింది. అయితే ఎవరి మీద అరవాలి? ఈ కళ్ళజోడావిడ మీదా? మిషను మీదా? ఆయన మీదా? ఆయన నొక్కలేదే! వద్దని కూడా అనలేదు, నీదేముంది అన్నాడంతే. ఆ చిన్నమాటకే తన వేలు దానంతటదే రెండు మీదికి పోయింది. పోనీలే, పోనీలే అనుకుంటూ ఎన్నేళ్ళుగా నొక్కుతోందో ఆ రెండు. నాలుగు నెలలు. నాలుగు నెలల తర్వాత గుండీలతో కొలవడానికి వీలుంటుందో ఉండదో. బల్ల అంచు పట్టుకుంది.

వెనకాల వరసలో ఎవరో, "తొందరగా కానీండమ్మా" అన్నారు. ఆమె కదల్లేదు.

"ఇప్పుడెవరైనా రద్దు చేసుకుంటే?" అని అడిగింది.

"చేసుకుంటే ఎదురుగా ఉన్నవాళ్ళకి ఇవ్వచ్చు. మీ చీటీకి ఇంకా నెలాఖరుదాకా గడువుంది. పేరు నేను చేత్తో ఎక్కిస్తాను. కానీ స్కానింగ్ ఎవరు వదులుకుంటారమ్మా?"

ఆమె సంచిలోంచి ఇంకో కార్డు తీసింది. ఎప్పుడూ అందరి కార్డులూ ఆ సంచిలోనే ఉంటాయి. "గురువారం తొమ్మిదిన్నర. ఇది రద్దు చేయండి."

కళ్ళజోడావిడ కార్డు అటూ ఇటూ తిప్పింది. "మగాయన పేరుంది. భుజం స్కానింగు, మిషను అదే."

"మా ఆయన."

"ఆయనొచ్చారా?"

"ఆయన ఈ గుమ్మం కూడా చూళ్ళేదు. పుట్టినతేదీ చెప్పనా? ఫోన్ నంబరు కూడా నాదే, మీరు పంపే ఓటీపీ అంకెలు నాకే వస్తాయి." ఫోన్ టింగుమంది. నాలుగంకెలూ చదివింది.

"కారణం?"

"రోగి కోరిక అని పెట్టండి."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఆయన్ని అడిగారా?"

"నా మూడింటికీ ఇలా ఎవరైనా అడిగారా అండీ?"

ఆవిడ మీట నొక్కింది. తర్వాత ఆ పాత చీటీ తీసుకుని, రెండు గీతలు గీసిన మాట చూసి, గురువారం తొమ్మిదిన్నర దగ్గర ఆమె పేరు ఎక్కించి ముద్ర కొట్టింది. "ఇంకేమైనానా?" అంటే, "ఆయన కార్డు మీద ఆయన ఫోన్ నంబరు వేసేయండి" అంది.

సాయంత్రం ఆయన టీ కప్పు అందుకోగానే చెప్పేసింది. ఆలస్యం చేస్తే నోరు పెగలదని తెలుసు. "గురువారం మీ స్కానింగ్ రద్దు చేశాను. ఆ టైములో నాది పెట్టించుకున్నాను."

"అదేంటి? నన్నొక్క మాట అడక్కుండా!" ఆయన నిజంగానే నివ్వెరపోయాడు. "ఆర్నెల్లుగా చెయ్యెత్తలేక ఛస్తున్నాను. నీకేమొచ్చింది ఉన్నట్టుండి?"

"ఉన్నట్టుండి కాదు. నాలుగు నెలలైంది. ఎడమ రొమ్ములో గడ్డ. కోటు గుండీ అంత."

ఆయన కప్పు కింద పెట్టాడు. "నాకు చెప్పావా అసలు?"

"పరీక్ష అని మూడుసార్లు చెప్పాను. ఏం పరీక్ష అని మీరు ఒక్కసారీ అడగలేదు."

మూలన నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న అత్తగారు తల తిప్పారు. కంటి ఆపరేషనయి మూడు వారాలు. "నా కళ్ళ రోజునేనా నువ్వు మానుకున్నది?" అన్నారు. "నన్నడగొద్దూ? నెల్లాళ్ళాగితే నా కళ్ళేమన్నా పారిపోతాయా? నాకు చెవులున్నాయిగా తల్లీ!"

అడిగితే ఆవిడ ఆగేదేమో. అడగొచ్చని తనకే తోచలేదు. ఆ మాట తలుచుకుంటే అప్పుడొచ్చాయి కళ్ళనీళ్ళు, ఫ్యాక్టరీలో రాలేదు, కౌంటర్ దగ్గరా రాలేదు.

ఆయన పాపం, ఏదో మంచి మాట కోసం వెతుక్కుంటున్నట్టే ఉన్నాడు. చివరికి, "సరే... మరి నా భుజం సంగతి?" అన్నాడు. అనేశాక తన మాట తనకే వినపడినట్టుంది, మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆమె ఆసుపత్రి లైను నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. కింద, పొద్దున ఎనిమిదికి రెండు నిమిషాల ముందే మొదలుపెట్టాలి అని కూడా రాసింది.

గురువారం పొద్దున ఆమె జడ వేసుకుంటుంటే వంటింట్లోంచి ఆ సంగీతం వినపడింది. నాలుగు ముక్కలు, ఆగడం, మళ్ళీ మొదటికి. అది ఇంకొకరి ఫోన్‌లోంచి వినడం ఆమెకు ఇదే మొదలు. వెళ్ళి చూస్తే ఆయన ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకోబోయి, "అబ్బా!" అని గిలగిల్లాడుతున్నాడు.

"చేత్తో పట్టుకోండి. మీకు ఇంకో పనేం లేదుగా" అంది.

వీధి గుమ్మం దగ్గర అత్తగారు నల్లద్దాలూ చెప్పులూ వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని ఎప్పట్నుంచి కూర్చున్నారో, లేచి నుంచున్నారు. ఆవిణ్ణి రమ్మని ఎవరూ అడగలేదు. ఆమె చీటీ ఉన్న కవరు ఇంకోసారి చూసుకుంది. లోపల ఒక్క కార్డే ఉంది. మిగతావన్నీ ఫ్రిజ్ మీద పెట్టేసింది.

"ఎంతసేపు వినాలే దీన్ని?" వంటింట్లోంచి ఆయన అరిచాడు.

"ఏమో" అంది ఆమె చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. "మీ భుజానికి నేను పదకొండు రోజులు విన్నాను."