రెండు చోట్ల ఉన్న మనిషి

తలుపు కొట్టే ముందు పైడిబాబు గుమ్మం పక్కనున్న చెప్పులు లెక్కపెట్టాడు. ఆడమనిషివి ఒక జత, చిన్నపిల్ల రబ్బరు చెప్పులు ఒక జత, మగవాడి తోలు చెప్పులు ఒక జత. చేతిలో కాగితం మీదా ముగ్గురే. అయినా అతనికి నమ్మకం కుదరలేదు. లెక్క ఇంత తేలిగ్గా సరిపోయిందంటే ఎవరో సరిపెట్టి ఉంచారన్నమాటే అని ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగం అతనికి నేర్పింది.

గణాంకాల ఆఫీసులో అతనిది చిన్న ఉద్యోగం. ఏ దీవిలో ఎంత జనం, ఎందరు చదువుకున్నారు, ఎందరు వేట మీద బతుకుతున్నారు అని పైవాళ్లు ఏటా లావుపాటి పుస్తకం వేస్తారు. అందులో ఒక్కో అంకె కోసం ఇలాంటి పైడిబాబులు ఎన్ని ఇళ్ల ముందు ఎండలో నిలబడ్డారో ఆ పుస్తకం చెప్పదు. చెప్పకపోవడమే మంచిదని అతని అభిప్రాయం. అంకె తప్పు కాకుండా ఉంటే చాలు.

శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకు వచ్చినవాళ్లు ఇంట్లో మనుషుల్ని నోటితో లెక్కపెట్టరు. లెక్కపెడితే తగ్గిపోతారని భయం. పైడిబాబు తాత కూడా ఆ తీరం నుంచే ఓడ ఎక్కాడు కాబట్టి ఆ సంగతి ఇతనికి తెలుసు. "ఎంతమంది" అనడు, "ఎన్ని కంచాలు" అని అడుగుతాడు. జవాబు విన్నాక చెప్పులు చూస్తాడు, తీగ మీద బట్టలు చూస్తాడు. డిగ్లీపూర్‌లో ఒక రైతు పదకొండు కంచాలన్నాడు. గుమ్మంలో తొమ్మిది జతలే ఉన్నాయి. తక్కిన ఇద్దరూ పొలం నుంచి వచ్చేదాకా పైడిబాబు గట్టు మీద కూర్చున్నాడు. వాళ్లు వచ్చారు. కాళ్లకు చెప్పుల్లేవు. ఆఫీసులో ఇప్పటికీ దాన్ని చెప్పుకొని నవ్వుతారు.

నవ్వని సంగతి ఇంకొకటుంది. మూడేళ్ల కిందట భార్య కనకలక్ష్మి పోయిన ఐదోరోజున, గరాచర్మలోని తన ఇంటి కాగితం తనే తీసి, రెండు కొట్టేసి ఒకటి వేశాడు. పోయిన తేదీ రాశాడు, గంట కూడా రాశాడు. పన్నెండో రోజైనా కాకుండానే పెళ్లాన్ని కొట్టేశావేమిటయ్యా అన్నాడు పక్క కుర్చీ గోపినాథ్. పోయినవాళ్లను పోయినట్టు రాయకపోతే ఉన్నవాళ్ల లెక్క ఎలా నిలుస్తుందో పైడిబాబుకు అర్థం కాలేదు.

ఇవాళ్టి పని వేరు. ఆధార్ నంబరు రెండు ఊళ్లలో పడినవాళ్ల జాబితా ఇచ్చి తేల్చుకు రమ్మన్నారు. ఆరు పేర్లు. ఐదు మధ్యాహ్నానికే తేలిపోయాయి. ఆరోవాడు యర్రయ్య, నలభై రెండేళ్లు, చేపల వేట. డైరీ ఫార్మ్ సందులో భార్య బుల్లమ్మ ఇంట్లోనూ ఉన్నాడు, సముద్రం అవతల సోంపేట దగ్గర తల్లి ఇంట్లోనూ ఉన్నాడు. రెండు చోట్లా రేషన్ బియ్యం లాగుతున్నారని పైడిబాబు బస్సులోనే తీర్పు చెప్పేసుకున్నాడు.

బుల్లమ్మ తలుపు సగమే తీసింది. ఎవరో కాగితాలు పట్టుకొచ్చి ఇళ్లు తీయించేస్తారన్న పుకారు ఆ సందులో నెల నుంచీ ఉంది. అతని మెడలో కార్డు చూసింది, అతని మొహం చూసింది, రెండూ ఒకరివేనా అన్నట్టు మళ్లీ కార్డు చూసింది. అనుమానంలో ఇద్దరూ దొందూ దొందే.

"ఎన్ని కంచాలమ్మా?"

"మూడు."

"యర్రయ్య ఏడీ?"

"ఏటకెల్లాడు. ఎప్పుడొస్తాడో మాలూం లేదు బాబూ."

పైడిబాబు లోపలికి తొంగి చూశాడు. బల్ల మీద తోమిన కంచాలు మూడు. మేకుకు మగవాడి చొక్కా. దాని భుజాల మీద దుమ్ము. తీగ మీద మగబట్ట ఒక్కటీ లేదు. అతను మెల్లగా వంగి తోలు చెప్పుల్ని చూశాడు. ఎడమ చెప్పు పట్టీకీ అట్టకీ మధ్య సాలీడు గూడు కట్టుకుంది. లోలోపల సంబరపడ్డాడు. దొంగ దొరికాడు.

ఈ చెప్పుల్లో ఎవరూ కాలు పెట్టడం లేదని, యర్రయ్య తల్లి దగ్గరే ఉన్నాడని తనకు తెలుసని, అబద్ధం చెబితే రెండు చోట్లా పేరు పోతుందని గట్టిగా అన్నాడు.

బుల్లమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. గొంతు తగ్గించి చెప్పింది. రెండేళ్ల కిందట డిగ్లీపూర్ అవతల పడవ బోల్తా కొట్టింది. తోడు వెళ్లిన ఇద్దరూ ఈదుకుంటూ వచ్చారు. యర్రయ్య మునిగిపోవడం వాళ్లు కళ్లారా చూశారు. శవం దొరకలేదు, అందుకని మరణ కాగితమూ రాలేదు. అక్కడ అత్తకు గుండె జబ్బు. ఒక్కడే కొడుకు. ఈ కబురు ఊరికి చేరకూడదని వాళ్లిద్దరి చేతా బుల్లమ్మ ఒట్టు వేయించుకుంది. ముసలమ్మ వారం వారం ఫోన్ చేస్తుంది. లెక్కలవాళ్లు వస్తే కొడుకు కంచం కూడా చూపించి రాయించిందట.

"ఏటకెల్లాడంటాను. అబద్దం కూడా కాదు కదా బాబూ."

పైడిబాబు కాగితం వైపు చూశాడు. కారణం గడిలో మూడే ఉన్నాయి: మరణం, వలస, తప్పు నమోదు. మరణం అని రాస్తే అక్కడా కొట్టేస్తారు. కొట్టేసే ముందు ఎవడో ఒకడు ఆ ముసలమ్మ గుమ్మంలో నిలబడి, నీ కొడుకు పోయాడట కదా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి అంటాడు. ఆ మాట ఎలా అంటారో పైడిబాబుకు బాగా తెలుసు. తను ఎన్ని గుమ్మాల్లో అన్నాడో! అతనికి సిగ్గేసింది. కనకలక్ష్మిని ఇంకో వారం ఆ కాగితం మీద ఉండనిస్తే ఏ దేశం లెక్క తప్పేది?

"ఇక్కడ కొట్టియ్యండి," అంది బుల్లమ్మ. "అక్కడ ఉండనియ్యండి. మాయత్త ఉన్నన్నాళ్లూ."

ఇంటివాళ్ల నోట విన్న అంకే రాయాలన్నది అతని నియమం. ఎంత వద్దనుకున్నా అడగక తప్పలేదు.

"అయితే ఎన్ని కంచాలమ్మా?"

ఆమె గుమ్మం పక్కనున్న తోలు చెప్పుల వైపు చూసింది. రెండేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"రెండు," అంది.

పైడిబాబు యర్రయ్య పేరు మీద గీత గీశాడు. కారణం గడిలో వలస అని రాశాడు. ఎక్కడికి అన్నచోట, తల్లి ఇంటికి అని రాశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో తెలిసి రాసిన తప్పు అదొక్కటే. ఈ ఏడాది పుస్తకంలో దీవులు విడిచి వెళ్లినవాళ్లు ఒకరు పెరుగుతారు, చనిపోయినవాళ్లు ఒకరు తగ్గుతారు. దాన్ని పట్టుకోగల అనుమానపు మనిషి ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు, వాడు నోరు విప్పడు.

"ఆ చెప్పులు లోపల పెట్టుకోమ్మా," అన్నాడు సంచీ సర్దుకుంటూ. "ఇంకొకడొస్తే పట్టేస్తాడు."

ఆమె తలూపి లోపలికి వెళ్లింది. పైడిబాబు గరాచర్మ బస్సు కోసం సందు చివరిదాకా నడిచి, పాత అలవాటు కొద్దీ, వెనక్కి తిరిగి గుమ్మం చూశాడు. ఇంటికి వచ్చినవాడు విడిచి లోపలికి వెళ్లినట్టు, యర్రయ్య చెప్పులు అక్కడే, తలుపు వైపు తిరిగి ఉన్నాయి.